కిలోల లెక్కన పోయిన రెండు లూమ్‌లు

పోయిన బుధవారం మా టవళ్ల కార్ఖానాలోంచి రెండు కరెంటు మగ్గాలు, అంటే లూమ్‌లు తీసేశాం. తుక్కు కొనే అతను ఉదయం ఎనిమిదికే ఇద్దరు కుర్రాళ్లతో వచ్చాడు. ముందు మోటార్లు విప్పారు. తర్వాత పడుగు బీములు దించారు. పక్క చట్రాలు పోత ఇనుమువి. వాటిని కోయడం కంటే పగలగొట్టడమే తేలికని పెద్ద సుత్తి తీశారు. ఆ దెబ్బలు వినలేక నేను మేడ మీదికి వెళ్లిపోయాను. మధ్యాహ్నానికి టెంపో నిండింది. కాంటా మీద రెండూ కలిపి 2,140 కిలోలు తూగాయి. కిలోకు 31 రూపాయల చొప్పున 66,340 రూపాయలు చేతిలో పెట్టి, చీటీ రాసిచ్చి వెళ్లాడు.

ఆ సాయంత్రం అత్తమ్మ మంచం మీద నుంచే అడిగింది, "చప్పుడు సగమైందేంది?" అని. సగం కాలేదు, ఆరింటిలో నాలుగు ఇంకా ఆడుతున్నాయి. పోయిన రెండూ చాలా రోజులుగా ఆగే ఉన్నాయి కూడా. కానీ ఆ ఇనుము అక్కడ నిలబడి ఉన్నప్పుడు చప్పుడు ఒక రకంగా వచ్చేది, ఖాళీ నేల మీద ఇంకో రకంగా వస్తోంది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ మోత మీదే నిద్రపోయిన మనిషికి అది తెలిసిపోయింది.

మాది మహారాష్ట్రలోని షోలాపూర్. ఊరి తూర్పు భాగంలో ఏ గల్లీకి వెళ్లినా తెలుగు వినిపిస్తుంది. మా ముత్తాతల కాలంలో కరీంనగర్, వరంగల్, నల్గొండ, పాలమూరు వైపు నుంచి పద్మశాలి కుటుంబాలు ఇక్కడికి వచ్చాయి. 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు మొదలైంది. దాన్నే ఊళ్లో జూనీ మిల్లు అంటారు. తర్వాత ఇంకొన్ని వచ్చాయి. మిల్లులో పని, ఇంట్లో చేమగ్గం, ఆడవాళ్లకు బీడీలు. మా వాళ్లు ఈ మూడింటి మీదే నిలదొక్కుకున్నారు. మా మామయ్య ఒక మిల్లులో జాబర్, అంటే పనివాళ్ల మీద మేస్త్రి. మిల్లు భోంగా (సైరన్) మోగే వేళను బట్టే ఇంట్లో పొయ్యి వెలిగేదని అత్తమ్మ చెబుతుంది. తొంభైల నడుమ ఆ మిల్లు మూతపడింది. రావలసిన డబ్బు కోసం రెండేళ్లు తిరిగారు. చేతికొచ్చిన కొంతకు అత్తమ్మ బీడీలు చుట్టి దాచింది కలిపి, 1997లో కొల్హాపూర్ వైపున్న ఇచల్‌కరంజి నుంచి రెండు పాత లూమ్‌లు తెచ్చారు. బుధవారం పోయినవి అవే.

ఈ సంగతి తెలిసిన వాళ్లంతా నన్ను ఒకే మాట అడిగారు, "అమెరికా సుంకాల వల్లేనా?" అని.

సుంకాల దెబ్బ మాకూ తగిలింది, కాదనను. అమెరికా బయటి నుంచి కొనే నూలు టవళ్లలో అందరికంటే పెద్ద వాటా మన దేశానిది. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అక్కడ అదనపు సుంకం 50 శాతం అయింది. అప్పట్లో అదే బజారులో పాకిస్తాన్ టవలు మీద 19 శాతం ఉండేది. బంగ్లాదేశ్, వియత్నాం సరుకు మీద 20. ఈ తేడాతో ఎవరైనా ఎంతకాలం మన దగ్గరే కొంటారు? నేను కూలి లెక్కన నేసిచ్చే (జాబ్ వర్క్) ఎగుమతి కంపెనీ సెప్టెంబరు మొదటి వారంలో ఫోన్ చేసి, హోటళ్లకు పోయే తెల్ల టవళ్లు ఆపమంది. ఎక్కడెక్కడో ఆగిన ఆ సరుకు నెల తిరక్కుండానే ఇక్కడి బజారులో దిగింది. దాంతో నా చిన్న టవలు ధర కూడా పడిపోయింది. ఆ నెల నూలు వ్యాపారికి కట్టాల్సిన బాకీ తలుచుకుని ఎన్ని రాత్రులు టెన్షన్‌తో లేచి కూర్చున్నానో.

కానీ ఆ రెండు లూమ్‌లు ఆగింది సుంకాలకు ముందే, 2024 దసరాకు. అప్పుడు ఆర్డర్ ఉంది, నూలు ఉంది, కరెంటు ఉంది. నడిపే మనిషి లేడు.

మా దగ్గర ఇద్దరు నడిపేవాళ్లు ఉండేవారు. ఒకతను పుణెలో వాచ్‌మన్‌గా చేరాడు. నెల జీతం, పీఎఫ్, కూర్చునే ఉద్యోగం. రెండో మనిషిని మేం కాక అంటాం. వయసు 61. మా ఇంట్లో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాడు. నాలుగు లూమ్‌లు ఒక్కడే చూసుకుంటాడు, పన్నెండు గంటలు నిలబడే. ఆరు చూడమని నేను ఎలా అడగను? కొత్తవాళ్ల కోసం ఏడాది తిరిగాం. గల్లీలో చెప్పాం, సిరిసిల్లలో ఉన్న చుట్టాలకు ఫోన్ చేశాం. అక్కడ లూమ్‌ను సాంచా అంటారు, పేరు మాత్రమే వేరు, కష్టం ఒకటే. వాళ్లకే మనుషులు దొరకడం లేదట.

టవలు నేయడం చూడనివాళ్లకు ఇది యంత్రం చేసే పనిలాగే కనిపిస్తుంది. టవలుకు రెండు పడుగులు, అంటే నిలువు పోగుల వరసలు ఉంటాయి. ఒకటి బిగుతుగా సాగి ఉంటుంది. పైన ఇంకో బీము మీద ఉన్న పడుగు వదులుగా ఉంటుంది. అడ్డంగా రెండు పేకలు పడేదాకా, వాటిని తోసే దువ్వెన లాంటి అచ్చు పూర్తిగా ముందుకు రాదు, కాస్త ఎడంగానే ఆగుతుంది. మూడో పేక పడగానే అచ్చు పూర్తిగా వచ్చి మూడింటినీ కలిపి తోస్తుంది. అప్పుడు వదులు పడుగు పోగు పైకి లేచి లూప్ అవుతుంది. నీళ్లు పీల్చేవి ఆ లూపులే. వదులు కొంచెం ఎక్కువైతే లూపులు చెవుల్లా వేలాడతాయి, తక్కువైతే టవలు గోనెపట్టాలా వస్తుంది. వానాకాలం నూలు ఒకలా నడుస్తుంది, ఎండాకాలం ఇంకోలా. పడుగు బిగువు సరిచేసే బరువు రాళ్లను కాక మార్చేది కొలిచి కాదు, చప్పుడు విని. పేక పోగును అటూ ఇటూ మోసే నాడెను మేం ధోటా అంటాం. అది పెట్టెకు తగిలే చప్పుడు మారితే, ఇంకో మూలన టీ తాగుతూ కూడా అతనికి తెలుస్తుంది. అలాంటి మనిషి చెవులకు ఇప్పుడు మామూలు మాట సరిగా వినపడదు.

ఒకసారి అడిగాను, మీ చిన్నవాడికి నేర్పొచ్చు కదా కాకా అని. "నా కొడుకులను ఈ పనిలకు రానియ్యను బిడ్డా. నా చెవులు పోయినయి, వాండ్లవన్న ఉండనియ్యి" అన్నాడు. కోపంగా అనలేదు. కండె మారుస్తూ అన్నాడు.

అతని మాటకు నేనేం జవాబు చెప్పగలను? మా గల్లీలో అందరిలాగే నేనూ పీసు లెక్కన పగారు ఇస్తాను. లూమ్ ఆగితే పగారు ఆగుతుంది. ఇరవైమంది లేని కార్ఖానాకు పీఎఫ్ చట్టం తప్పనిసరి కాదు కాబట్టి పీఎఫ్ కట్టలేదు. చట్టం అడగలేదు, నేను ఇవ్వలేదు. ఇరవై రెండేళ్లు మా ఇంటి అన్నం పండించిన మనిషికి రేపు పని మానేస్తే చేతికి ఏమీ రాదు. మా గల్లీ యజమానులు "పనివాళ్లు దొరకడం లేదు" అని మీటింగుల్లో మాట్లాడినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. మనుషులు ఎక్కడికీ మాయమైపోలేదు. వాళ్లు మా పనిని వద్దనుకున్నారు. అలా అనుకోవడానికి వాళ్లకు కారణం ఉంది.

కొత్త మెషీన్లు కొనొచ్చు కదా అంటారు. కొటేషన్ తెప్పించాం. పాత లూమ్ నిమిషానికి నూట ఇరవై పేకలకు మించదు, రేపియర్ అనే కొత్త రకం లూమ్ మూడు వందలు వేస్తుంది, చప్పుడూ తక్కువే. కానీ ఒక్కదాని ధరకు మా దగ్గరున్న లాంటి పాతవి అరవై వస్తాయి. ఆధునికీకరణకు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం 1999లో మొదలై, పేర్లు మారుతూ వచ్చి, 2022 మార్చితో ముగిసింది. అది ఉన్నన్నాళ్లూ మా వీధి వాళ్లకు అందింది తక్కువ. బ్యాంకు ముందు తాకట్టు అడుగుతుంది. తాకట్టుకు మాకున్నది ఇల్లు, ఆ ఇంటి కిందే కార్ఖానా.

డబ్బు తిరిగే తీరు ఇంకో బాధ. నూలు ముప్పై రోజుల అరువుకు వస్తుంది. టవళ్ల డబ్బు తొంభై రోజులకు వస్తుంది. మధ్యలో అరవై రోజులు ఎవరో ఒకరికి వడ్డీ కట్టాల్సిందే. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టంలో ఒక నియమం వచ్చింది. చిన్న తయారీదారుకు 45 రోజుల్లో డబ్బు కట్టకపోతే కొన్నవాడికి ఆ ఏడాది ఆ ఖర్చు లెక్కలోకి రాదు. మా మంచికే తెచ్చారు, నేనూ సంతోషించాను. మాకు పెద్ద గిరాకీ అయిన ఒక వ్యాపారి మాత్రం, ఆ నియమం తగలకుండా, చిన్న పరిశ్రమలు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లేనివాళ్ల దగ్గరే కొంటానని మొహం మీదే చెప్పాడు. అయినా ఆ నియమం ఉండాలనే నేనంటాను. అందరం కలిసి గట్టిగా నిలబడితే ఆ వ్యాపారికి మాత్రం వేరే దారి ఎక్కడుంది?

చద్దర్ గురించి రాయకపోతే మా ఊరి గురించి రాసినట్టే కాదు. షోలాపూర్ చద్దర్ అంటే తెలంగాణలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. డిజైన్లు నేసే జకార్డ్ మగ్గం మీద నేసిన ముతక నూలు దుప్పటి, రెండు వైపులా డిజైన్, ఉతికే కొద్దీ మెత్తబడుతుంది. నా పెళ్లికి మా అమ్మ ఇచ్చిన నెమళ్ల చద్దర్ ఇప్పటికీ మా అబ్బాయి కప్పుకుంటాడు. 2005–06లో చద్దర్‌కూ టెర్రీ టవలుకూ జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఉండి కూడా, రోడ్డు పక్క "షోలాపూర్ చద్దర్" అని బోర్డు పెట్టి పానిపట్ పాలిస్టర్ దుప్పట్లు అమ్ముతున్నారు. అవి తేలిక, చవక, తొందరగా ఆరతాయి. కొనేవాళ్లను తప్పుపట్టను. పేరు మాది పెట్టి అమ్మేవాళ్లను తప్పుపడతాను. మా గల్లీలో ఒకప్పుడు చద్దర్ నేసిన ఏడు ఇళ్లలో ఇప్పుడు ఒక్క ఇల్లే నేస్తోంది. మిగతావాళ్లు టవళ్లకు మారారు, లేదా మానేశారు.

మా అక్కను యవత్మాల్ జిల్లా పాండర్‌కవడా దగ్గర ఇచ్చారు. పెన్‌గంగ దాటితే ఆదిలాబాద్. బావ పత్తి పండిస్తాడు. 2025 ఆగస్టులో కేంద్రం పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకం ఎత్తేసింది. మొదట సెప్టెంబరు ఆఖరు దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. మా సంఘం వాట్సాప్ గ్రూపులో అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను. రెండు రోజులకు బావ ఫోన్ చేశాడు. "ఏం మరదలా, మీకు పత్తి అగ్గువైందంట గద. మా కాడ ఇంకా కాయ పగలనేలేదు, రేటు అప్పుడే పడగొట్టిండ్రు" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. 2025–26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ప్రభుత్వం తరఫున కొనే సీసీఐ కేంద్రానికి తీసుకెళ్తే తేమ ఎక్కువని తిప్పి పంపుతారు, బయట అమ్మితే అంతకంటే తక్కువ వస్తుంది. అక్టోబరు వానలకు బావ చేనులో సగం పత్తి నల్లబడింది.

మన దేశం సాగు చేసినంత విస్తీర్ణంలో పత్తి ఇంకెవరూ సాగు చేయరు. కానీ హెక్టారుకు మనకు వచ్చే దూది 450 కిలోల దగ్గరే ఆగింది. బ్రెజిల్‌లో దానికి మూడు రెట్ల కంటే ఎక్కువ వస్తుంది. బావ దగ్గర నీళ్లు లేవు, వాన మీదే సాగు. గులాబీ రంగు పురుగు ఏటా వస్తుంది. 2025 బడ్జెట్‌లో ఐదేళ్ల పత్తి మిషన్ ప్రకటించారు. ఆ మిషన్ బావ చేను దాకా రావాలి. నూలు ధర తగ్గాలంటే బావకు వచ్చే ధర తగ్గించక్కర్లేదు, ఆ చేనులో ఇంకో రెండు క్వింటాళ్లు పండాలి. సుంకం ఎత్తేసిన తర్వాత నా నూలు ధర తగ్గింది కిలోకు నాలుగు రూపాయలు. ఆ నాలుగు రూపాయలతో నేను బాగుపడలేదు. బావ మాత్రం ఆ దీపావళికి పిల్లలకు బట్టలు కొనలేదు.

ఇంకో సంగతి రాయాలంటే చేయి ఆడటం లేదు. 2025 మే 18 తెల్లవారుజామున మా ఊరి అక్కల్‌కోట్ రోడ్ పారిశ్రామికవాడ (ఎంఐడీసీ)లో ఒక టవళ్ల ఫ్యాక్టరీకి నిప్పంటుకుంది. ఎనిమిది మంది చనిపోయారు. యజమాని, ఆయన ఇంటివాళ్లు, పనివాళ్లు. వాళ్లంతా ఆ ఫ్యాక్టరీలోనే ఉండేవాళ్లు. మా ఇంట్లోనూ కింద లూమ్‌లు, పైన మేం. టవళ్ల కార్ఖానాలో దూది పొట్టు దూలాల మీద, వైర్ల మీద, ఫ్యాన్ల మీద మంచులా పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ వారమే వైరింగ్ మొత్తం మార్పించాను. వెనక గోడ పగలగొట్టి మేడ నుంచి రెండో మెట్లదారి పెట్టించాను. లక్షా ఎనభై వేలు అయింది. మా వీధిలో ఇంకా రెండో దారి లేని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఇది చదువుతున్న మా ఊరివాళ్లు ఎవరైనా ఉంటే, ఈ వారమే వైరింగ్ చూపించండి. చేతులెత్తి అడుగుతున్నాను.

ఇక ఆ ఖాళీ అయిన చోటు సంగతి.

మా ఆడపడుచు ఇరవై ఏళ్లు బీడీలు చుట్టింది. దగ్గు పట్టుకుంది, వేళ్లు వంకర్లు పోయాయి. 39వ ఏట కుట్టు నేర్చుకుని యూనిఫాంలు కుట్టే యూనిట్‌లో చేరింది. షోలాపూర్‌లో కొన్నేళ్లుగా ఈ పని బాగా పెరిగింది. స్కూలు పిల్లల చొక్కాలు, నిక్కర్లు, హాస్పిటల్ వాళ్ల దుస్తులు, సెక్యూరిటీ వాళ్ల దుస్తులు ఇక్కడి నుంచే చాలా రాష్ట్రాలకు పోతున్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల లోపు బట్టలకు జీఎస్‌టీ 5 శాతమే కావడం వీళ్లకు కలిసొచ్చింది. గుడ్డ మాత్రం ఎక్కువగా రాజస్థాన్‌లోని భిల్వాడా నుంచి వస్తుంది. నేతగాళ్ల ఊళ్లో బయటి గుడ్డ కుట్టడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

కానీ లెక్క చూస్తే నిజం అటువైపే ఉంది. 2024–25లో మన దేశం రెడీమేడ్ బట్టల ఎగుమతి దాదాపు 16 బిలియన్ డాలర్లు. పత్తి పెద్దగా పండని బంగ్లాదేశ్‌ది దాదాపు 39. మన దగ్గర చేను ఉంది, మిల్లు ఉంది, లూమ్ ఉంది, కుట్టే దగ్గర ఆగిపోయాం. 2000 దాకా మన దగ్గర రెడీమేడ్ బట్టలు కుట్టే పనిని చిన్న పరిశ్రమలకే కేటాయించారు. ఆ కాలంలో పెద్ద ఆర్డర్లు తీసుకునే కుట్టు ఫ్యాక్టరీలు బంగ్లాదేశ్‌లో లేచాయి. పేద దేశాల జాబితాలో ఉన్నందున యూరప్‌లో వాళ్లకు సుంకం లేదు. 2026 నవంబరులో వాళ్లు ఆ జాబితా నుంచి బయటికి రావాలని ఐక్యరాజ్యసమితి గడువు పెట్టింది. బ్రిటన్‌తో మనం 2025 జులైలో ఒప్పందం మీద సంతకం చేశాం. దాని ప్రకారం అక్కడ మన బట్టకు సుంకం ఉండదు. 2030కి మొత్తం బట్టల ఎగుమతి 100 బిలియన్ డాలర్లు చేయాలని కేంద్రం అంటోంది. అది జరిగితే జరిగేది కుట్టు మెషీన్ల దగ్గరే అని నా నమ్మకం. ఒక రేపియర్ కొనే డబ్బుతో వంద కుట్టు మెషీన్లు వస్తాయి. ఆ రేపియర్ దగ్గర నలుగురైదుగురికి మించి పని ఉండని చోట, ఆ మెషీన్ల దగ్గర వందమంది ఆడవాళ్లు కూర్చుంటారు.

ఆడపడుచు వాళ్లకు ఊరి బయట కుంభారిలో, పేద పనివాళ్ల కోసం కట్టిన రాయ్‌నగర్ కాలనీలో ఇల్లు వచ్చింది. 2024 జనవరి 19న 15,000 ఇళ్లు ఇచ్చారు, అందులో ఒకటి. ఇల్లు బాగుంది, పని మాత్రం ఊళ్లోనే. రోజూ రానూపోనూ బస్సు. ఆమెతో పాటు ఆ బస్సులో వచ్చేవాళ్లలో పదకొండు మందికి కుట్టు వచ్చట. "వదినా, నువ్వు పెడితే మేం అందరం వస్తాం. పీసు లెక్క మాత్రం వద్దు" అంది.

పన్నెండు మెషీన్లు పెడదామని అనుకుంటున్నాం. ఒక్కోటి ముప్పై వేల చిల్లర. పన్నెండు మందే అయినా ఇష్టంగా పీఎఫ్‌లో చేరవచ్చని అకౌంటెంట్ చెప్పాడు. నెల జీతం, పీఎఫ్ కలిపి వేస్తే ఒక్కో చొక్కా మీద మాకు మిగిలేది చాలా తక్కువ. మా ఆయన రాత్రి మూడుసార్లు లెక్క వేశారు. మొదటి ఆరు నెలలు నాలుగు లూమ్‌లు ఈ పన్నెండు మెషీన్లను మోయాలి. నాలుగు లూమ్‌లు ఆడాలంటే కాక ఉండాలి. కాక పేరు కూడా ఆ పీఎఫ్ జాబితాలో మొదట రాయాలని నేను అన్నాను. ఈ వయసులో ఎంత జమ అవుతుందని ఆయన అడిగారు. ఎంతైతే అంత అన్నాను. ఆయన ఇంకా ఔనని అనలేదు, కాదనీ అనలేదు.

తుక్కు డబ్బు 66,340 దేవుడి గూట్లో మార్కండేయ స్వామి పటం వెనక ఉంది. అత్తమ్మ అందులోంచి ఏమీ అడగలేదు. విప్పిన సామానులోంచి ఒక ధోటా మాత్రం తీసి ఉంచమంది. రెండు చివరల ఉక్కు మొనలు అరిగిపోయాయి. మంచం పక్క కిటికీలో పెట్టుకుంది.

నిన్న కరెంటు మనిషి వచ్చి, మెషీన్లకు పాయింట్లు ఎక్కడెక్కడ రావాలో నేల మీద సుద్దతో గుర్తులు పెట్టాడు. లూమ్‌ల బోల్టులు దిగిన గుంటలు ఎనిమిది ఉన్నాయి, నూనె ఇంకిపోయి నల్లగా. వాటిని పూడ్చడానికి సోమవారం మేస్త్రి వస్తానన్నాడు. సిమెంటు రెండు బస్తాలు తెప్పించి మెట్ల కింద పెట్టాను.